ఫోర్లాన్‌ని ఇంకా ‘మాంచెస్టర్ ఫ్లాప్’ అనేవాళ్ళకి ఒక ప్రశ్న

రాత్రి_పన్నెండు
నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర దక్షిణ అమెరికా స్ట్రైకర్ల మాట వచ్చింది. రొనాల్డో, రొమారియో, బటిస్టూటా అందరూ అయ్యాక నేను ఉరుగ్వే డియెగో ఫోర్లాన్ పేరు ఎత్తాను. పక్క టీమ్ కుర్రాడు టిఫిన్ డబ్బా మూత పెడుతూ "ఆ మాంచెస్టర్ ఫ్లాపా?" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నాకు ఆ తర్వాత ముద్ద దిగలేదు.

2010 ప్రపంచకప్ అప్పుడు నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. హాస్టల్ టీవీ గదిలో ఇరవై మందిమి, పనిచేసే ఫ్యాను ఒక్కటే. ఉరుగ్వే ఆటలు చాలామటుకు మనకి రాత్రి పన్నెండుకే మొదలయ్యేవి. ఇక్కడ నా పేరు అలా వచ్చిందే. మొదట్లో ఆ గదిలో ఉరుగ్వే వైపు ఎవరూ లేరు. ఘనా ఆట అయ్యేసరికి సగం గది, జర్మనీ ఆట నాటికి గదంతా ఉరుగ్వేనే.

ఐరోపా లీగుల మేటి స్కోరర్‌కిచ్చే యూరోపియన్ గోల్డెన్ షూ రెండుసార్లు. స్పెయిన్ లీగులో రెండుసార్లు టాప్ స్కోరర్, అదీ రియల్ మాడ్రిడ్, బార్సిలోనా జెర్సీ వేసుకోకుండా. 2010 ప్రపంచకప్‌లో గోల్డెన్ బాల్, అంటే టోర్నీకే మేటి ఆటగాడు. 2011లో దక్షిణ అమెరికా దేశాల కప్పు కోపా అమెరికా. ఇన్ని ఉన్నా ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బులో గడిచిన రెండున్నరేళ్ళే ఎందుకు గుర్తుంటాయి జనానికి?

సింగరేణి_సెంటర్‌ఫార్వర్డ్
కోపం జెయ్యకు అన్నా, నేనైతే ఆ పిలగాని దిక్కే. యునైటెడ్‌ల 98 మ్యాచ్‌లు ఆడి 17 గోల్స్ కొట్టిండు. మొదటి గోల్‌కే 27 మ్యాచ్‌లు వట్టింది. 2002 జనవరిల వచ్చినోడు సెప్టెంబర్ దాక సున్నా. 69 లక్షల పౌండ్లు వెట్టి కొన్న స్ట్రైకర్ అట్ల ఆడితే ఫ్లాప్ అనక ఏమంటరు? తర్వాత స్పెయిన్‌ల ఏం జేసిండన్నది వేరే ముచ్చట.

గోదారి_గోలీ
ఆ మొదటి గోల్ కూడా పెనాల్టీయేనండి. ఇజ్రాయెల్ క్లబ్బు మకాబీ హైఫా మీద, ఆట ఇంక అయిపోతోందనగా. మామూలుగా కొట్టే బెక్‌హామ్ పక్కకి తప్పుకుని ఇతని చేతికిచ్చాడు బంతి. అప్పటికే గెలిచేసిన ఆట, 5-2. కానీ అది పడ్డప్పుడు స్టేడియం కేకలు వినాలండీ, ఏదో కప్పు గెలిచినట్టే. జనం అతన్ని ఈసడించుకోలేదు, ఎప్పుడు కొడతాడా అని ఎదురుచూశారు. ఫ్లాప్ అన్నవాడి కోసం అంత ఎదురుచూడరు కదా.

బెజవాడ_బ్యాక్
సౌతాంప్టన్ మీద గోల్ కొట్టి చొక్కా విప్పేసిన ఆట ఎవరికైనా గుర్తుందా? మళ్ళీ తొడుక్కోవడం రాలేదు. ఆట మొదలైపోయింది. చొక్కా చేత్తో పట్టుకుని, ఉత్తి వంటితోనే పరుగెత్తి బంతి కోసం ఎదుటివాడి మీదికి వెళ్ళాడు 😂 మా అన్నయ్యా నేనూ అది ఎన్నిసార్లు చూశామో.

లెక్కల_మాష్టారు
సింగరేణి గారూ, 98లో 17 అన్నారు, నిజమే. ఇంకో లెక్క చూడండి. 2002-03లో యునైటెడ్ 83 పాయింట్లతో లీగు గెలిచింది. రెండో స్థానం ఆర్సెనల్, 78. తేడా 5.

ఆ సీజన్లో ఫోర్లాన్ గోల్స్ చూడండి. ఆస్టన్ విల్లా మీద ఓడిపోతున్న ఆటని 1-1 చేశాడు. సౌతాంప్టన్ మీద 85వ నిమిషంలో గోల్, 2-1. డిసెంబర్ 1న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ మీద మూడు నిమిషాల తేడాలో రెండు గోల్స్, 2-1. జనవరిలో చెల్సీ మీద ఆఖరి క్షణాల్లో గోల్, మళ్ళీ 2-1. ఆ గోల్స్ తీసేస్తే విల్లా దగ్గర 1 పాయింటు, సౌతాంప్టన్ దగ్గర 2, లివర్‌పూల్ దగ్గర 3, చెల్సీ దగ్గర 2 పోతాయి. మొత్తం 8. తేడా ఎంతన్నాను? 5.

సింగరేణి_సెంటర్‌ఫార్వర్డ్
మాష్టారూ, గట్ల గోల్స్ తీసేసి లెక్క జేస్తే ఏ టీమ్‌ల ఏ పిలగాడైనా హీరోనే అయితడు. వాన్ నిస్టెల్‌రాయ్ గోల్స్ తీసెయ్యుర్రి, యునైటెడ్ యాడుంటది? లివర్‌పూల్ మీద మొదటి గోల్ అయితే వాళ్ళ గోలీ డుడెక్ కాళ్ళ సందులకెళ్ళి బంతి ఇడిసిపెడితే వచ్చింది. దానం లెక్కనే.

లెక్కల_మాష్టారు
డుడెక్ వదిలిన మాట నిజం. వదిలినప్పుడు అక్కడికి పరుగెత్తి ఉన్నది ఎవరు? గోల్‌కీపర్ చేతిలోకి వెళ్ళే బంతి వెంట ఎంతమంది స్ట్రైకర్లు చివరిదాకా పరుగెడతారు? రెండో గోల్ మాత్రం ఎవరూ దానం చెయ్యలేదు.

వాన్ నిస్టెల్‌రాయ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అతను ఉండగా ఫోర్లాన్‌కి ఆడడానికి చోటే దొరకలేదు. చాలాసార్లు చివరి పావుగంటకి దించేవారు.

గోదారి_గోలీ
"ఉరుగ్వే నుంచి వచ్చాడు, లివర్‌పూల్ వాళ్ళని ఏడిపించాడు" అని యునైటెడ్ అభిమానులు ఇతని మీద పాట కట్టుకున్నారు. ఇప్పటికీ పాడతారండి. ఫ్లాపుల మీద పాటలు కట్టరు.

ఎడమకాలి_టీచరమ్మ
అసలు ఆ రెండున్నరేళ్ళ గొడవ దగ్గరే ఎందుకు ఆగిపోయారు అందరూ? అతను ఫుట్‌బాల్ ఎందుకు ఎంచుకున్నాడో తెలిస్తే మిగతాదంతా వేరేగా కనిపిస్తుంది.

తండ్రి పాబ్లో ఫోర్లాన్ 1966, 1974 ప్రపంచకప్‌లలో ఉరుగ్వే జట్టు మనిషి. తల్లి వైపు తాత హువాన్ కార్లోస్ కొరాజో అర్జెంటీనాలో ఇండిపెండియెంటేకి ఆడి, తర్వాత ఉరుగ్వేకి కోచ్ అయ్యాడు. ఇంటినిండా ఫుట్‌బాలే. అయినా పిల్లవాడికి టెన్నిస్ అంటే ప్రాణం, బాగా ఆడేవాడు కూడా.

1991లో అక్క అలెహాండ్రాకి కారు ప్రమాదం. ఆమెకి పదిహేడేళ్ళు, ఇతనికి పన్నెండు. కారులో ఉన్న ఆమె స్నేహితుడు చనిపోయాడు. ఆమెకి వెన్నెముక దెబ్బతిని కుర్చీకే పరిమితమైంది. నెలల తరబడి ఆసుపత్రి. వైద్యానికి డబ్బు కావలసి వచ్చినప్పుడు మారడోనా ముందుకొచ్చి విరాళాలు పోగుచెయ్యడానికి సాయపడ్డాడు. అక్క మంచం దగ్గరే ఈ పిల్లవాడు ఫుట్‌బాలర్‌నవుతా, సంపాదిస్తా, నీకు మంచి డాక్టర్లని తెస్తా అనుకున్నాడు. ఇది అతనే చాలాసార్లు చెప్పుకున్న మాట.

ఇప్పుడు ఆ 27 మ్యాచ్‌లు మళ్ళీ తలుచుకోండి. 22 ఏళ్ళవాడు, కొత్త దేశం, గోల్ పడదు, పత్రికలు ఎగతాళి చేస్తాయి. అయినా రోజూ ప్రాక్టీసుకి వచ్చాడు. నాకు ఆ 27లో కనిపించేది అదీ.

బెజవాడ_బ్యాక్
అక్క సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు టీచరమ్మ గారూ. పైన నవ్విన ఎమోజీ తీసేద్దామనిపించింది. చొక్కా ముచ్చటకి మాత్రం నవ్వొచ్చు అనుకుంటా.

ఎడమకాలి_టీచరమ్మ
నవ్వొచ్చు తమ్ముడూ. ఆ రోజు అతనూ నవ్వాడు.

రాత్రి_పన్నెండు
యునైటెడ్ కథ ఎలా ముగిసిందో కూడా అతనే చెప్పాడు. చెల్సీ మైదానం మెత్తగా ఉంటుంది, పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లే వేసుకోమన్నాడు యునైటెడ్ మేనేజర్ ఫెర్గూసన్. ఇతను సరేనని పొట్టివే వేసుకున్నాడు. గోల్ ముందర అవకాశం వచ్చింది, కాలు జారింది. ఆట అవ్వగానే గబగబా లోపలికెళ్ళి బూట్లు మార్చేసుకుందామనుకుంటే ఫెర్గూసన్ పట్టేసుకున్నాడు, బూట్లు విసిరికొట్టాడు. అంతే, యునైటెడ్‌కి అదే ఆఖరి ఆట. 2004 ఆగస్టు. అదే నెలలో రూనీ వచ్చాడు.

ఇక్కడ తప్పు ఫోర్లాన్‌దే, అందులో నాకు అనుమానం లేదు.

సింగరేణి_సెంటర్‌ఫార్వర్డ్
ఫెర్గూసన్ తన్నిన బూటు ఓసారి బెక్‌హామ్ కంటి పైన తాకింది, ఈయన నయం 😄

మోహన్_మిడ్‌ఫీల్డ్
యునైటెడ్ తర్వాత స్పెయిన్‌లో విల్లారియల్ కాలం గురించి ఒక్కరూ ఎత్తలేదేం? నాకు అందులోనే అసలు ఫోర్లాన్ కనిపిస్తాడు. యాభై వేల జనాభా ఉన్న ఊరి జట్టు. అక్కడ వెనక మిడ్‌ఫీల్డ్‌లో రికెల్మే. రికెల్మే బంతిని కాలి కింద పెట్టుకుని అందరూ కుదురుకునేదాకా ఆగుతాడు, ఆ లోపల ఫోర్లాన్ డిఫెండర్ భుజం వెనక నుంచి జారుకుంటాడు. మొదటి సీజనే 25 గోల్స్. స్పెయిన్‌లో టాప్. యూరోపియన్ గోల్డెన్ షూని తియరీ ఆన్రీతో కలిసి పంచుకున్నాడు. మాంచెస్టర్ వదిలిన ఏడాదికే!

మరుసటి సంవత్సరం ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా వెళ్ళారు. ఆర్సెనల్ మీద రికెల్మే పెనాల్టీ పోవడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

లెక్కల_మాష్టారు
అట్లెటికో మాడ్రిడ్‌లో 2008-09లో 32 గోల్స్, రెండో గోల్డెన్ షూ. అది బార్సిలోనా మూడు కప్పులూ గెలిచిన ఏడాది. మెస్సీ, ఎటో, ఆన్రీ ముగ్గురూ ఒకే జట్టులో ఉన్న లీగులో ఇతను అందరికన్నా పైన. ఎటో 30 దగ్గర ఆగిపోయాడు.

ఆ ముందు ఏడాది గోల్డెన్ షూ క్రిస్టియానో రొనాల్డోది. ఆ తర్వాతి ఏడాది మెస్సీది. మధ్యలో ఫోర్లాన్. మీ ఆఫీసు కుర్రాడికి ఈ మూడు పేర్లూ వరసగా రాసి చూపించండి, ఇంకేం మాట్లాడక్కర్లేదు.

రాత్రి_పన్నెండు
మాష్టారూ, రేపే రాసి చూపిస్తా.

గోదారి_గోలీ
హాంబర్గ్ సంగతి నన్ను చెప్పనివ్వండి. 2010 మే 12, యూరోపా లీగ్ ఫైనల్, అట్లెటికో–ఫుల్హామ్. నేను గోల్‌కీపర్ని కాబట్టి ఆ రాత్రి కుర్ర డి హెయా మీదే నా కళ్ళు. పంతొమ్మిదేళ్ళు వాడికి. ఆట ముగిసేసరికి మాత్రం ఫోర్లాన్ తప్ప ఎవరూ గుర్తులేరు. 32వ నిమిషంలో ఒకటి కొట్టాడు. ఫుల్హామ్ సమం చేసింది. అదనపు సమయం. అందరి కాళ్ళూ బరువెక్కాయి. 116వ నిమిషంలో అగ్వేరో ఎడమ పక్క గీత దాకా లాక్కెళ్ళి లోపలికి కొడితే, దగ్గరి పోస్టు ముందుకి ఒక్క అడుగు ముందుగా వచ్చి కాలు తగిలించాడండి. గట్టిగా తన్నలేదు, ఊరికే దారి మళ్ళించాడు. 1962 కప్ విన్నర్స్ కప్ తర్వాత ఐరోపా పోటీల్లో అట్లెటికోకి కప్పు రావడం అదే.

సెమీఫైనల్ ఎవరితోనో తెలుసా? లివర్‌పూల్. మాడ్రిడ్‌లో ఒక్క గోల్, ఇతనిదే. ఆన్‌ఫీల్డ్‌లో 2-1తో ఓడినా బయటి గోల్, అంటే ఎదుటివాళ్ళ మైదానంలో కొట్టిన గోల్, లెక్కన ఫైనల్‌కి వెళ్ళారు. ఆ బయటి గోల్ కూడా ఇతనిదే. మాంచెస్టర్ వాళ్ళు కట్టిన పాట ఏడున్నరేళ్ళ తర్వాత కూడా నిజమైంది.

సింగరేణి_సెంటర్‌ఫార్వర్డ్
ఇది నాకు యాదికి లేకుండె. సరే, ఆన్‌ఫీల్డ్ ముచ్చట ఒప్పుకున్న.

కానీ 2010 గోల్డెన్ బాల్ మాత్రం హాలండ్ స్నైడర్‌కే రావాల్నని ఇప్పటికీ అంట. ఫైనల్ దాక తీస్కపోయిండు, ఐదు గోల్స్, అదే ఏడు ఇటలీ క్లబ్బు ఇంటర్‌తోని మూడు కప్పులు. ఫోర్లాన్ టీమ్ నాలుగో స్థానం.

మోహన్_మిడ్‌ఫీల్డ్
క్లబ్బు కప్పులు ప్రపంచకప్ అవార్డుకి కలపకూడదు కదన్నా. ఓట్లు చూసినా హోరాహోరీయే. ఫోర్లాన్‌కి 23.4 శాతం, స్నైడర్‌కి 21.8, స్పెయిన్ ఆటగాడు విల్లాకి 16.9.

నా వాదన ఓట్ల గురించి కాదు, ఆట గురించి. ఫ్రాన్స్‌తో మొదటి ఆట 0-0, చూడలేకపోయాం. రెండో ఆటకి కోచ్ టబారెజ్ ఫోర్లాన్‌ని కాస్త వెనక్కి లాగాడు. ముందు సువారెజ్, కవానీ. వాళ్ళ వెనక ఇతను. స్ట్రైకర్ చేతికి జట్టు మొత్తం అప్పగించాడు. దక్షిణాఫ్రికాని 3-0తో కొట్టారు, రెండు ఇతనివి. అప్పటినుంచి ఉరుగ్వే బంతి ఎటు పోవాలన్నా ఫోర్లాన్ కాళ్ళ మీదుగానే. స్నైడర్‌కి పక్కన రాబెన్, వాన్ పెర్సీ, వెనక పెద్ద దేశం. ఉరుగ్వే జనాభా ముప్ఫై అయిదు లక్షలు కూడా లేదు. హైదరాబాద్‌లో మూలకి పెడితే కనపడదు.

బెజవాడ_బ్యాక్
టబారెజ్‌ని వాళ్ళు ‘ఎల్ మాయెస్త్రో’ అంటారు. అంటే మేష్టారే. నిజంగానే చిన్నపిల్లలకి బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఈ వేదికలో మాష్టారికి పోటీ 🙏

లెక్కల_మాష్టారు
ఆయన ముందు నేనెంత బాబూ. నలభై ఏళ్ళ తర్వాత ఉరుగ్వేని ప్రపంచకప్ సెమీస్‌కి చేర్చినవాడు. 1970 తర్వాత 2010లోనే.

రాత్రి_పన్నెండు
మోహన్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు. క్వార్టర్స్‌లో ఘనా ఆట గురించి అడిగితే అందరూ గోల్ గీత మీద బంతిని ఆపిన సువారెజ్ చెయ్యి, గ్యాన్ పోగొట్టిన పెనాల్టీ, షూటౌట్‌లో అబ్రెయు చిప్పు ఇవే చెప్తారు. మా టీవీ గదిలో నేను చూసింది వేరు.

మొదటి సగం ఆఖర్లో ముంటారి ఎక్కడినుంచో కొట్టి ఘనాకి ఆధిక్యం ఇచ్చాడు. స్టేడియంలో వువుజెలాల మోత. 55వ నిమిషంలో ఎడమ వైపు ఫ్రీకిక్. ఫోర్లాన్ నిలబడిన చోటునుంచి చూస్తే అది క్రాస్ కొట్టే చోటు. అందరూ తలలతో కొట్టడానికి లోపల తోసుకుంటున్నారు. జుట్టుకి ఆ సన్నటి బ్యాండు, రెండు అడుగులు వెనక్కి. కుడికాలి లోపలి వైపుతో కొట్టాడు. బంతి ఒక వైపు వెళ్తున్నట్టే ఉండి గాలిలో మనసు మార్చుకుంది. కీపర్ ముందు ఒక పక్కకి ఒరిగాడు, తిరిగి చెయ్యి చాచేసరికి వల కదిలింది. మా గదిలో ఒక్క క్షణం ఎవరూ అరవలేదు. రీప్లే వచ్చాక అరిచారు.

షూటౌట్‌లో ఉరుగ్వే తరఫున మొదటి పెనాల్టీకి నడిచింది కూడా ఇతనే. ఎవరూ దాని గురించి చెప్పరు. కొట్టాడు మరి.

కడలి_కబుర్లు
ఆ ప్రపంచకప్‌లో వాడిన జబులానీ బంతి గురించి కీపర్లందరూ మొత్తుకున్నారుగా? సూపర్‌మార్కెట్లో కొన్న బంతిలా ఉందని బ్రెజిల్ కీపరే అన్నాడు. ఫోర్లాన్ గొప్పా, బంతి గొప్పా?

మోహన్_మిడ్‌ఫీల్డ్
ఆ బంతితో 32 జట్లూ ఆడాయి. దూరం నుంచి కొట్టినవాళ్ళలో చాలామందివి గ్యాలరీలోకి పోయాయి. ఇతనివి అయిదు గోల్స్‌లో మూడు పెనాల్టీ బాక్స్ బయటినుంచే పడ్డాయి. బంతి అందరికీ ఒకటే.

ఎడమకాలి_టీచరమ్మ
ఆ మూడింటిలో హాలండ్ మీద సెమీస్‌లోది ఎడమకాలితో. ఘనా మీదది కుడికాలితో. నేను అనంతపురం జిల్లాలో ఒక బడిలో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాను. అందరూ కుడికాలితోనే తన్నుతారు. బంతి ఎడమకి వస్తే చుట్టూ తిరిగి కుడికాలికి తెచ్చుకుంటారు, ఆలోపు ఎదుటివాళ్ళు వచ్చేస్తారు. ఈ రెండు గోల్స్ నా ఫోన్లో పక్కపక్కన పెట్టుకున్నాను. చూపించి ‘ఏ కాలి మనిషో చెప్పండి’ అని అడుగుతాను. సగం మంది ఎడమ అంటారు, సగం మంది కుడి. ఆ తర్వాత అరగంట గోడకేసి ఎడమకాలితో మాత్రమే తన్నాలి. మొదట్లో బంతి గోడకి తప్ప అన్నిటికీ తగులుతుంది. ఒకసారి వంటగది మీదికి వెళ్ళి పప్పుగిన్నె పక్కన పడింది.

గోదారి_గోలీ
పప్పు బతికిందా అండీ?

ఎడమకాలి_టీచరమ్మ
బతికింది. ఆ అమ్మాయే ఇప్పుడు మా జట్టులో ఎడమ వైపు ఆడుతుంది.

చెల్లెమ్మ_కాదు_అక్క
ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని. టీచరమ్మ గారు అలెహాండ్రా గురించి రాశాక ఆగలేకపోయాను.

మా తమ్ముడికి పదేళ్ళ కిందట బైకు ప్రమాదం. ఎదురుగా వచ్చిన లారీకి హెడ్‌లైట్లు లేవు. నడుము కింద స్పర్శ లేదు. మొదట తీసుకెళ్ళిన ఆసుపత్రిలో వెన్నెముకకి దెబ్బ అని తేల్చడానికే రెండు రోజులు పట్టించారు. ఆ రెండు రోజుల మీద నాకున్న కోపం ఇప్పటికీ పోలేదు. వాడు అంతకుముందు కాలేజీ జట్టులో ఆడేవాడు. ఆ తర్వాత ఏడాదిపాటు టీవీలో ఫుట్‌బాల్ పెడితే రిమోట్ తీసుకుని ఆపేసేవాడు.

ఫోర్లాన్ అక్క కథ ఎక్కడో చదివి వాడికి చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నేను కాఫీ తెచ్చేసరికి ఫోన్లో ఆ ఘనా ఫ్రీకిక్ చూస్తున్నాడు. దుప్పటి మీద రిమోట్ పెట్టి, కళ్ళజోడు డబ్బాని గోడలాగా నిలబెట్టి, వేలితో బంతి ఎలా తిరిగిందో గీస్తున్నాడు. "అక్కా, కీపర్ తప్పు లేదు" అన్నాడు. ఫుట్‌బాల్ గురించి వాడు ఏడాది తర్వాత మాట్లాడిన మొదటి మాట అది.

అలెహాండ్రా తర్వాత తన పేరుతో ఫౌండేషన్ పెట్టి రోడ్డు ప్రమాదాల మీద పనిచేసింది. ఆవిడని ఎవరైనా ‘ఫోర్లాన్ అక్క’ అంటే నాకు నచ్చదు. అతనే ఆవిడ తమ్ముడు.

ఎడమకాలి_టీచరమ్మ
మీరు రాసినందుకు సంతోషం తల్లీ. తమ్ముడిని ఇక్కడికి రమ్మనండి. కీపర్ తప్పు ఉందో లేదో గోదారి గారితో తేల్చుకుంటాడు.

గోదారి_గోలీ
గోల్‌కీపర్‌గా చెప్తున్నాను, తమ్ముడిదే కరెక్టండి. ముందు అడుగు అటు వేసేలా బంతే చేసింది.

సింగరేణి_సెంటర్‌ఫార్వర్డ్
అక్కా, తమ్మునికి నా తరఫున చెప్పు. మా నాయిన గనిల పనిజేసేటోడు, కాలు పోయింది. పింఛను వచ్చినంక కూడా మా గ్రౌండ్‌కు వచ్చి గోల్ పోస్టు పక్కన కుర్సీ ఏస్కొని, ఎవడు ఆఫ్‌సైడో అరిచేటోడు. రెఫరీ ఆయన దిక్కు చూసి విజిల్ ఊదేది.

ఫ్లాప్ అన్న మాట ఎనుకకు తీసుకుంటున్న. యునైటెడ్‌ల సరిగ్గ కుదరలే, అంతవరకే అంట.

రాత్రి_పన్నెండు
అన్నా, అది చాలు.

కోపా గురించి ఎవరూ రాయలేదని ఇది. 2011 జూలై 24, బ్యూనస్ ఎయిర్స్. ఫైనల్ దాకా ఆ టోర్నీలో ఫోర్లాన్‌కి ఒక్క గోల్ లేదు. మళ్ళీ అదే పాట మొదలెట్టారు, అయిపోయాడు, వయసైపోయింది అని. పరాగ్వే మీద 3-0. సువారెజ్ ఒకటి, ఇతనివి రెండు. తాత కోచ్‌గా 1959లో, నాన్న ఆటగాడిగా 1967లో గెలిచిన కప్పే. ఒకే ఇంట్లో మూడు తరాలు.

కడలి_కబుర్లు
ఆ తర్వాత ఇంటర్‌లో మాత్రం దారుణం. 18 లీగు ఆటల్లో 2 గోల్స్. పైగా ఆగస్టులో అట్లెటికోకి యూరోపా క్వాలిఫయర్ ఆడేసి రావడంతో ఛాంపియన్స్ లీగ్ గ్రూపుల్లో ఆడటానికే పనికిరాలేదు. కొనే ముందు అది చూసుకోవద్దూ?

మోహన్_మిడ్‌ఫీల్డ్
అది నిజంగా బాధ. అక్కడినుంచి బ్రెజిల్‌లో ఇంటర్నాసియోనాల్, జపాన్‌లో సెరెజో ఒసాకా. ఆ ఒసాకా జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ తర్వాత సొంతూరు మోంటెవీడియోలో నాన్న ఆడిన పెన్యరోల్‌కి వచ్చి లీగు గెలిచాడు. ఆ పైన ముంబై. మన దేశానికొచ్చిన మనిషి గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడకపోవడం ఏంటి?

అంధేరీ_ఆంధ్రుడు
ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తున్నా 🙂

2016లో ముంబై సిటీకి వచ్చాడు. అప్పటికి 37 ఏళ్ళు. నేను ఉండేది అంధేరీలోనే, స్టేడియం ఇంటినుంచి నడిచివెళ్ళేంత దూరం. నవంబర్ 19, కేరళ బ్లాస్టర్స్‌తో ఆట. మా గదిలో నలుగురం, ఇద్దరు నెల్లూరు, ఒకడు నిజామాబాద్, నేను నర్సీపట్నం. ఆ వారమంతా నోట్లరద్దు గొడవ. ఏటీఎం దగ్గర నేను రెండు గంటలు నిలబడితే రెండు వేల కాగితం వచ్చింది, దానికి చిల్లర ఇచ్చేవాడు లేడు. స్టేడియం బయట సమోసాలవాడు మమ్మల్ని చూసి ‘రేపు ఇవ్వండి’ అన్నాడు.

లోపల 5-0. మూడు గోల్స్ ఫోర్లాన్‌వి. వేగం లేదు, అది చూడగానే తెలుస్తుంది. మైదానంలో అందరికన్నా తక్కువ పరుగెత్తాడేమో. కానీ బంతి వచ్చేముందు రెండుసార్లు తల తిప్పి చూస్తాడు, ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి. టీవీలో ఇది కనపడదు, కెమెరా బంతి వెంట పోతుంది. బంతి కాలికి చేరేసరికి ఏం చెయ్యాలో ముందే అయిపోయి ఉంటుంది. మా నిజామాబాద్ వాడు ఆట అంతా అతని తలనే చూశాడు. "బావా, లెక్కపెడుతున్న" అన్నాడు.

ఆ సీజన్ ముంబై లీగు దశలో మొదటి స్థానం. సెమీస్ మొదటి ఆటలో కోల్‌కతాలో ఇతనికి రెడ్ కార్డు. ఇక్కడ రెండో ఆటకి లేడు. 0-0 అయింది, ముంబై ఇంటికి. ఆ రోజు అతను ఉంటేనా అని మేం నలుగురం ఇప్పటికీ అనుకుంటాం.

టిక్కెట్టు ముక్క ఇంకా నా దగ్గరే ఉంది. పర్సులో పెట్టి పెట్టి మడతల దగ్గర తెల్లబడిపోయింది.

లెక్కల_మాష్టారు
తల తిప్పి చూడటం గురించి రాసింది ఈ మొత్తం చర్చలో నాకు బాగా నచ్చిన ముక్క.

తర్వాత హాంగ్‌కాంగ్‌లో కిచీకి ఆడి, 2019లో రిటైర్మెంట్ చెప్పాడు. దేశం తరఫున 112 ఆటలు, 36 గోల్స్. ఉరుగ్వేకి వంద ఆటలు ఆడిన మొదటివాడు.

బెజవాడ_బ్యాక్
రిటైరయ్యాక ఏం చేస్తున్నాడో చూశారా? మళ్ళీ టెన్నిస్! 2024 నవంబర్‌లో మోంటెవీడియోలో ఛాలెంజర్ టోర్నీలో డబుల్స్ ఆడాడు, 45 ఏళ్ళకి. అర్జెంటీనా ఆటగాడు ఫెడెరికో కోరియా జోడీ. 6-1, 6-2తో ఓడిపోయారనుకోండి. కానీ పన్నెండేళ్ళప్పుడు పక్కన పెట్టేసిన రాకెట్ కదా అది.

చెల్లెమ్మ_కాదు_అక్క
బెజవాడ గారు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమన్నాడు.

రాత్రి_పన్నెండు
నాకు మిగిలింది ఒక్కటే చెప్పాల్సింది. జర్మనీతో మూడో స్థానం ఆట. 51వ నిమిషంలో అరెవాలో కుడివైపునుంచి ఇస్తే, బంతి నేల తాకకుండానే ఫోర్లాన్ గాలిలో ఒరిగి కొట్టాడు. అది నేలకి తగిలి లేచి లోపలికి పోయింది. కీపర్ బుట్ నిలబడి చూశాడు. టోర్నీ మొత్తానికి మేటి గోల్‌గా దాన్నే ఎన్నుకున్నారు.

చివరికి 3-2తో వెనకబడ్డారు. ఆఖరి క్షణంలో బాక్స్ అంచున ఫ్రీకిక్. ఫోర్లాన్ కొట్టాడు. గోడ దాటింది, కీపర్ని దాటింది, క్రాస్‌బార్‌కి తగిలింది. విజిల్. అది పడి ఉంటే ఆరు గోల్స్, ఆ కప్పులో అందరికన్నా పైన ఒక్కడే. అయిదు దగ్గరే ముల్లర్, స్నైడర్, విల్లాలతో ఆగిపోయాడు. టీవీ కట్టేశాక కూడా మా గదిలో ఎవరూ లేవలేదు. అప్పటికి తెల్లవారుజామున రెండు దాటింది.

సింగరేణి_సెంటర్‌ఫార్వర్డ్
ఆ బార్ చప్పుడు నాకు ఇప్పటికీ ఇనవడ్తది అన్నా. ఆ ఒక్క దాంట్ల మనిద్దరం ఒకటే పార్టీ.

అంధేరీ_ఆంధ్రుడు
అక్క గారూ, మీ తమ్ముడికి ఆ టిక్కెట్టు ముక్క పంపుదామనుకుంటున్నా. మా ముగ్గురినీ అడిగాను, వాళ్ళూ సరేనన్నారు. అడ్రస్ ఇక్కడ రాయొద్దు, విడిగా మెసేజ్ పెట్టండి.

చెల్లెమ్మ_కాదు_అక్క
పెట్టాను బాబూ. కుర్చీలోంచి చూస్తే కనిపించే ఎత్తులో గోడ మీద చోటు చూసుకుంటున్నాడు. మేకు కొట్టడానికి సుత్తి కోసం నన్ను పక్కింటికి పంపిస్తున్నాడు, వెళ్ళొస్తా.